ఏరే చెయ్యి ముందు, యంత్రం తర్వాత
(అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక ఉపన్యాసం, నెల్లూరు)

పొద్దున్నే ఈ హాలు ఊడ్చి కుర్చీలు వేసి ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి వింటున్న పారిశుద్ధ్య సిబ్బందికి నమస్కారం. మీరు కూడా లోపలికొచ్చి కూర్చోండమ్మా. ఈ సాయంత్రం మాట్లాడబోయేది మీ పని గురించే. ముందు వరుస ఎవరో పెద్దవాళ్ల కోసం ఖాళీగా ఉంచినట్టున్నారు. వాళ్లు వచ్చేసరికి మన ఉపన్యాసం ఎటూ అయిపోతుంది.

పొట్టి శ్రీరాములు గారంటే మనకు 1952 గుర్తొస్తుంది. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో అక్టోబరు 19న మొదలైన దీక్ష, డిసెంబరు 15 రాత్రి ఆగిపోయిన ప్రాణం, మరుసటి ఏడాది అక్టోబరు 1న ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రం. 2008లో మన జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఇదంతా స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆయన ఏం చదువుకున్నారని అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా తడుముకుంటారు. బొంబాయిలో విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన చదివింది శానిటరీ ఇంజినీరింగ్. అంటే మురుగు ఎటు పోవాలి, చెత్త ఎక్కడికి చేరాలి అనే చదువు. తర్వాత గ్రేట్ ఇండియన్ పెనిన్సులర్ రైల్వేలో కొన్నేళ్లు ఉద్యోగం. భార్య, పసిబిడ్డ పోయాక ఆ ఉద్యోగం వదిలేసి సబర్మతి ఆశ్రమానికి వెళ్లారు. ఎవరి మరుగుదొడ్డి వారే కడుక్కోవాలనే చోటది.

1946లో ఆయన మన మూలపేటలో వేణుగోపాలస్వామి గుడి తలుపులు హరిజనులకు తెరవాలని నిరాహార దీక్ష పట్టారు. ఆ రోజుల్లో మెడలో నినాదాలు రాసిన అట్టలు వేలాడేసుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా, మిట్టమధ్యాహ్నం ఈ వీధుల్లో తిరుగుతుంటే పిచ్చివాడన్నవాళ్లు కూడా ఉన్నారు. శ్రీరాములు గారు ఇంజినీరింగ్ వదిలేసి ఉద్యమాల్లోకి వచ్చారని మామూలుగా చెబుతుంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. కాలువ వాలు లెక్కగట్టడం నేర్చిన మనిషి, ఆ కాలువ ఎత్తిపోసే మనిషికి ఊళ్లో చోటెందుకు లేదని అడిగారు. శానిటరీ ఇంజినీరింగ్‌లో సగం ఆ ప్రశ్నే. మా కాలేజీల్లో మిగతా సగమే చెబుతాం.

ఈ ఉపన్యాసానికి నాకిచ్చిన విషయం ఘన వ్యర్థాలు, ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణలో సాంకేతిక పరిజ్ఞానం. నేను చెప్పదలచుకున్నది ఒకటే. చెత్త విషయంలో యంత్రం ఆఖరి మెట్టు. మొదటి మెట్టు వేరు చేయడం. ఆ మెట్టు మీద నిలబడిన మనిషికి గిట్టుబాటు ధర, ఒంటికి రక్షణ ఇవ్వనంత కాలం పైన ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా అది తిరగదు, తిరిగినా ఆగిపోతుంది. దీన్ని మన తీరాన్నే ఉదాహరణగా పెట్టుకుని మెట్టు మెట్టుగా చెబుతాను.

1. దిబ్బ మారింది

మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పల్లెలో ఇంటికొక పెంటదిబ్బ. పేడ, కసవు, పొయ్యి బూడిద, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే. వేసవిలో బండ్లకెత్తి మళ్లకు తోలేవాళ్లు. పెన్నా డెల్టా వరికి అదే బలం. అందులో కుళ్లనిది దాదాపు ఏదీ ఉండేది కాదు కాబట్టి ఏరాల్సిన పనీ ఉండేది కాదు. అన్నీ ఒకచోట పోసి కాలానికి వదిలేసే ఆ అలవాటు మనకింకా పోలేదు, పోసే సరుకే మారింది. ప్లాస్టిక్ కవర్లు, పిల్లల డైపర్లు, చెడిపోయిన చార్జర్లు, ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు, పగిలిన ట్యూబులైట్లు. నగరం చెత్త దొంతాలి దిబ్బకు చేరే దారిలో ఇవన్నీ మిగిలిపోయిన అన్నంతో కలిసే ప్రయాణం చేస్తాయి.

మెట్టప్రాంతంలో ఇలా కలిపి పోస్తే నష్టం నెమ్మదిగా తెలుస్తుంది. తీరంలో అంత వ్యవధి ఉండదు. మైపాడు, కొత్తకోడూరు, ఇసకపల్లి వైపు ఇసుక నేల. నీళ్లు పైపైనే ఉంటాయి, చెలమ తవ్వితే కొన్ని అడుగుల్లోనే ఊరతాయి. దిబ్బ మీద పడిన వాన ఆ ఇసుకలోంచి చెలమలోకి దిగడానికి అడ్డేమీ లేదు. ఇంకో దారి బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు మద్రాసుకు ఉప్పు, కట్టెలు మోసిన పడవలు నడిచిన కాలువ ఇప్పుడు చాలాచోట్ల చెత్త మోస్తోంది. పోటుకు లోపలికీ పాటుకు బయటికీ నీళ్లు ఆడే కాలువలో వేసింది ఎటు పోతుందో వేసినవాడు చెప్పలేడు. పులికాట్ దాకా పోవచ్చు, మళ్లీ వాడి ఊరికే రావచ్చు.

2021 నవంబరు వరదలు చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. 19వ తేదీన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి వదిలిన నీళ్లు నెల్లూరును ముంచాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట, జాతీయ రహదారి కోసుకుపోయాయి. పత్రికలు వాటినే రాశాయి, రాయాలి కూడా. నాకు కళ్లలో నిలిచింది మాత్రం నీళ్లు తీసిన తర్వాతి వారం. పెన్న ఒడ్డు కాలనీల్లో ప్రతి ఇంటి ముందూ బురద పట్టిన ఫ్రిజ్, టీవీ, మిక్సీ, ఇన్వర్టర్. పదేళ్లలో అంచెలంచెలుగా రావాల్సిన ఎలక్ట్రానిక్ చెత్త ఒక్క వారంలో వీధికెక్కింది. పనికొచ్చే రాగి, ఇనుము పాత సామాన్లవాళ్లు పట్టుకుపోయారు. మిగతాది చెత్త బండెక్కింది. తుపాన్ల జిల్లాలో విపత్తు ప్రణాళికలు చాలానే రాసుకున్నాం. ఈ సరుకు ఎక్కడికి పోవాలన్నది కూడా వాటిలో ఒక పేజీ కావాలి.

2. గూడూరు నేర్పిన పాఠం

విద్యార్థులు కాస్త ఓపిక పట్టాలి. ఎలక్ట్రానిక్స్ అంటే కాలిఫోర్నియాలో పుట్టి శ్రీసిటీకి వచ్చిందని మీకు అనిపించవచ్చు. కానీ సిలికాన్ చిప్పులు రాకముందు, రేడియో గొట్టాల కాలంలోనే, మన జిల్లా ఆ వ్యాపారంలో ఉంది. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల మైకా. కరెంటును ఆపుతుంది, వేడికి చెదరదు, కాగితం కన్నా పలచని పొరలుగా విడిపోతుంది. రేడియో వాల్వుల్లో, కెపాసిటర్లలో, ఇస్త్రీ పెట్టెల్లో వాడేవారు. నెల్లూరు మైకా ఓడలెక్కి ఎన్ని దేశాల ఇళ్లలోకి వెళ్లిందో.

గనిలోంచి వచ్చిన ముద్దకు పెద్ద విలువ లేదు. షెడ్డుల్లో వరసగా కూర్చున్న ఆడవాళ్లు, పిల్లలు దాన్ని పొరలుగా విడదీసి, అంచులు కత్తిరించి, వెలుతురుకు పట్టి చూసి, మచ్చ లేనిది ఒక గుట్ట, మచ్చలున్నది ఒక గుట్ట, పరిమాణాన్ని బట్టి మళ్లీ గుట్టలు చేసేవారు. ధర ఆ గుట్టల దగ్గర పుట్టేది. ఆ చూపుకు కూలీ ఎంత ఇచ్చారో, ఆ ధూళి ఎన్ని ఊపిరితిత్తుల్లోకి పోయిందో వేరే కథ. గని పక్కన పనికిరాదని పోసిన తుక్కు గుట్టలు కూడా తర్వాతి కాలంలో, మైకాను పొడి చేసి వాడడం మొదలయ్యాక, మళ్లీ సరుకయ్యాయి. రంగుల్లో, రబ్బరులో, విద్యుత్ పరికరాల్లో ఆ పొడి పోయింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఏరినవాళ్ల వల్ల విలువ పుట్టింది, ఆ విలువలో వాళ్లకు దక్కింది తక్కువ. చెత్త రంగంలో ఇప్పుడు జరుగుతున్నదీ ఇదే.

3. యంత్రం దేన్ని అడుగుతుంది?

యంత్రాలకు నేను వ్యతిరేకిని కాను. జీతం తీసుకున్నన్నాళ్లూ వాటి గురించే పాఠం చెప్పాను. కానీ ప్రతి యంత్రానికీ ఒక ఆకలి ఉంటుంది, అది తినగలిగేది ఒకటే రకం సరుకు. ఢిల్లీలో తిమార్‌పూర్ అనే చోట 1987లో చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. రోజుకు 300 టన్నులు మింగేలా విదేశీ పరిజ్ఞానంతో కట్టారు. నెల తిరక్కముందే ఆగిపోయింది. వచ్చిన చెత్తలో తడి, మట్టి, బూడిద ఎక్కువ, మండేది తక్కువ. కాగితం, గుడ్డ, అట్ట ఏరుకుని బతికేవాళ్లు అప్పటికే తీసేసుకున్నారు. యూరప్ చెత్తకు కుట్టిన చొక్కా మన చెత్తకు తొడిగారు.

ఆ తర్వాత పాఠాలు నేర్చుకున్నాం, లేదని కాదు. హైదరాబాదు జవహర్‌నగర్‌లో, విశాఖ కాపులుప్పాడలో, గుంటూరు దగ్గర నాయుడుపేటలో (మన నాయుడుపేట కాదు, ఎడ్లపాడు వైపుది) ఇలాంటి ప్లాంట్లు నడుస్తున్నాయి. చివరి రెండూ 15 మెగావాట్లవి. వీటిలో కూడా తడి ఎంత తగ్గితే మంట అంత బాగా నిలుస్తుంది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన 550 టన్నుల బయోగ్యాస్ ప్లాంటు గురించి అందరూ గొప్పగా చెబుతారు. దానికి కొన్నేళ్ల ముందునుంచే అక్కడ ఇంటింటా తడి చెత్త వేరుగా తీసుకోవడం అలవాటైంది. ఆ సంగతి మన అధికారుల స్టడీ టూర్ నివేదికల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. ప్లాంటు ముందు దిగిన ఫోటో మాత్రం మొదటి పేజీలో ఉంటుంది.

పాత దిబ్బలను తవ్వే బయోమైనింగ్ సంగతీ అంతే. దిబ్బను వరసలుగా పేర్చి, తిరగేసి, ఆరబెట్టి, పెద్ద జల్లెడ పీపాల్లో వేసి తిప్పుతారు. కింద సన్నని మట్టి రాలుతుంది. పైన ప్లాస్టిక్, గుడ్డలు మిగులుతాయి, అవి సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికి పోతాయి. రాళ్లు, గాజు ఒక పక్క. రాష్ట్రంలో ఇలా పేరుకున్న పాత చెత్త 85 లక్షల టన్నులని ప్రభుత్వమే చెప్పింది. చేయాల్సిన పనే. కానీ ఆలోచించండి, ఇళ్లలో వేరు చేయనిదాన్ని ఇరవై ఏళ్ల తర్వాత టన్నుకు ఇంతని కాంట్రాక్టరుకిచ్చి వేరు చేయిస్తున్నాం. ఒక పక్క పాత దిబ్బ తవ్వుతుంటే ఇంకో పక్క కొత్త దిబ్బ పోస్తున్నాం కూడా.

ఇప్పుడు కంపోస్టు లెక్క ఒకటి చేద్దాం. పిల్లలు నోట్సు తీయండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర చెత్త కంపోస్టు కిలోలో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు, పాదరసం 0.15 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక సీఎఫ్‌ఎల్ బల్బులో పాదరసం మామూలుగా 3 నుంచి 5 మిల్లీగ్రాములు. అదంతా కంపోస్టులో కలిస్తే? 0.15తో భాగించండి. అంతవరకు పాదరసమే లేని 20 నుంచి 33 కిలోల కంపోస్టు ఆ హద్దుకు చేరుతుంది. ఒక్క బల్బుకు ఒక బస్తా ఎరువు పోయింది. నిజానికి అందులో కొంత పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది, అది ఏమంత ఊరట కాదు. బల్బును బుట్టలో వేసే ముందు పక్కన పెట్టడానికి పట్టేది ఒక క్షణం. పగిలి కలిసిపోయాక దాన్ని మళ్లీ వెనక్కి తీసే యంత్రం ఏ మునిసిపాలిటీ దగ్గరా లేదు.

2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఇంటి గుమ్మాలకు క్యూఆర్ కోడ్ అంటించారు. చెత్త తీసుకున్నాక స్కాన్ చేయాలన్నారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ కోడ్ చెప్పింది బండి వచ్చిందని మాత్రమే, బుట్టలో ఏముందో అది చెప్పలేదు. తడి, పొడి వేరుగా ఇచ్చిన ఇల్లాలికీ, అన్నీ ఒకే కవరులో మూటగట్టి ఇచ్చిన ఇంటికీ స్క్రీన్ మీద ఒకే పచ్చటి గుర్తు. పల్లెల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. షెడ్డు, తొట్లు, గేటు అన్నీ ఉన్నాయి. నడుస్తున్నవి ఎందుకు నడుస్తున్నాయో అడిగితే ప్రతిచోటా ఒకటే జవాబు వింటాను, అక్కడ పనిచేసే మనిషికి జీతం నెలనెలా అందుతోంది. మూతబడ్డవాటి జవాబు మీరే ఊహించుకోండి.

4. ఉప్పుగాలి, పడవ, రొయ్యల చెరువు

ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పుట్టిందనీ, అందులో లెక్కాపత్రంతో సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక. ఇలాంటి అంకెలు వినగానే మనకు పెద్ద నగరాల ఐటీ ఆఫీసులు కళ్ల ముందుకొస్తాయి. నేను మిమ్మల్ని రేవుకు తీసుకెళ్తాను.

ఇప్పుడు ఫైబర్ బోటులో ఏముంటాయి? వలలు, ఐసు పెట్టె, ఇంజిను సరే. వాటితోపాటు జీపీఎస్, చేపల గుంపు చూపించే ఎకో సౌండరు, వైర్‌లెస్ సెట్టు, ఎల్‌ఈడీ దీపాలు, వీటన్నిటికీ బ్యాటరీ, ప్రతి మనిషి జేబులో ఫోను. ఇవి కాక ఇస్రో పరిజ్ఞానంతో ట్రాన్స్‌పాండర్లు వచ్చాయి. దేశం మొత్తం మీద లక్ష బోట్లకు 364 కోట్ల రూపాయలతో ఇవి బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రారంభించారు. తుపాను కబురు, సరిహద్దు హెచ్చరిక, ఆపదలో ఉన్నామన్న సంకేతం అన్నీ దాని ద్వారా అందుతాయి. ప్రాణాలు కాపాడే పెట్టె. శ్రీహరికోట ఉన్న తీరంవాళ్లం, దాన్ని చూసి గర్వపడతాం.

నేనొక పాత జీపీఎస్ సెట్టును బల్ల మీద పెట్టి విప్పించాను. పైన డబ్బా బాగానే ఉంది. రబ్బరు అంచు ఒకచోట పగిలింది. లోపల బోర్డు మీద రాగి దారులన్నీ పచ్చటి చిలుము. టంకం చుక్కల చుట్టూ తెల్లటి ఉప్పు పొర. బ్యాటరీ కాళ్లు తాకితే పొడిపొడిగా రాలాయి. రిపేరు కుర్రాడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "నీళ్లు పోలా సార్, గాలే తినేసింది" అన్నాడు. తీరానికి దూరంగా ఉన్న ఊళ్లో ఏడెనిమిదేళ్లు పనిచేసే వస్తువు తీరంలో అందులో సగం కాలం నిలిస్తే గొప్ప. అంటే మనిషికింత ఎలక్ట్రానిక్ చెత్త అని దేశం సగటు తీసి మన రేవులకు అంటగడితే ఆ లెక్క నిలవదు.

రొయ్యల చెరువుల దగ్గర కథ కొంత వేరు, కొంత ఆశ కలిగించేది కూడా. ఏరియేటర్ల మోటార్లు ఉప్పునీటి తుంపర్లలో పగలూ రాత్రీ తిరుగుతాయి, తరచూ కాలిపోతాయి. వాటిని ఎవరూ పారేయరు. ముత్తుకూరు, కోట, వాకాడు వైపు రోడ్డు పక్కన వైండింగ్ షాపులు చూసే ఉంటారు. కాలిన రాగి చుట్టను లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిషు పోసి, మర్నాటికి చెరువు దగ్గరికి పంపేస్తారు. పాత రాగి తూకానికి అమ్ముడుపోతుంది. ఏ చట్టం అడగకుండానే ఇది జరుగుతోంది. ఒకే మోటారు రెండు మూడు జన్మలెత్తుతుంది. అదే చెరువు గట్టు మీద మేత గింజలు చల్లే ఆటోమేటిక్ యంత్రం చెడితే దాన్ని విప్పేవాడు లేడు. విప్పినా లోపలి బోర్డు ఒకటే ముద్ద, విడి భాగం దొరకదు. మోటారులో లోహం వేరు చేయవచ్చు కాబట్టి అది బతికింది. బోర్డును వేరు చేయకుండా తయారుచేశారు కాబట్టి అది గట్టు పక్క పొదల్లో పడింది.

5. ధర ఉన్నది ఇల్లు చేరుతుంది

మీ ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పాడైతే ఎక్కడ పారేస్తారు? పారేయరు. షాపువాడికి ఇచ్చి కొత్తదాని ధరలో తగ్గించుకుంటారు. అందులో కిలోల కొద్దీ సీసం ఉంది, పాత బ్యాటరీకి మార్కెట్లో ధర ఉంది. ట్యూబులైటుకు ధర లేదు, అందుకని అది గోడ పక్కన పగులుతుంది. ప్రమాదంలో రెండూ రెండే. ఒకటి వెనక్కి వెళ్లడానికి, ఇంకొకటి వెళ్లకపోవడానికి కారణం మన సంస్కారంలో తేడా కాదు, చేతికొచ్చే డబ్బులో తేడా.

ఇంకో వ్యాపారం కూడా మీకు తెలుసు. ప్లాస్టిక్ టబ్బులు వేసుకుని మోపెడ్ మీద వచ్చి, మైకులో ముందే రికార్డు చేసిన గొంతుతో పాత సెల్‌ఫోన్లు అడుగుతాడు. పనిచేయని నాలుగు ఫోన్లకు ఒక టబ్బు. టన్ను పాత సెల్‌ఫోన్లలో 200 గ్రాములకు పైగా బంగారం ఉంటుందని ఈ రంగంలో చెప్పే లెక్క. గనుల్లో టన్ను రాయి పిండితే వచ్చేది కొద్ది గ్రాములు. టబ్బు ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు. ఆ బోర్డులు చేతులు మారి ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు చేరతాయి. అక్కడ ఇరుకు గదుల్లో యాసిడ్ తొట్టెలో ముంచి బంగారం తీస్తారు. యాసిడ్ కాలువలోకి పోతుంది. చైనాలో గుయ్‌యూ, ఘనాలో అగ్బోగ్‌బ్లోషీ ఇలాగే ప్రపంచానికి తెలిశాయి.

ఇదే పని శుభ్రంగా చేసే పరిజ్ఞానం మన పక్కనే ఉంది. హైదరాబాదు చర్లపల్లిలోని సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతిని అభివృద్ధి చేసింది. భాగాలను ఊడదీసి, బోర్డును నియంత్రణలో వేడిచేసి, రాగి, బంగారం, వెండి విడివిడిగా తీస్తారు, పొగను శుద్ధి చేస్తారు. యంత్రం ఉంది, కావలసింది సరుకు. ఆ సరుకు మన చిల్లర పాత సామాన్ల దుకాణంలో గోనెసంచిలో ఉంది. ఈ రెండింటి మధ్య దారి వేయడానికే చట్టం చేశారు. 2011 నియమాల్లోనే తయారీదారు బాధ్యత అనే సూత్రం వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాలు 106 రకాల వస్తువులకు వర్తిస్తాయి. అమ్మిన కంపెనీ తన వాటాకు తగ్గ పాత సరుకు రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్లు కొనాలి. 2023-24లో 60 శాతంతో మొదలై 2027-28 నుంచి 80 శాతం. రీసైక్లర్లకు గిట్టుబాటు కావాలని గృహోపకరణాలకు కిలోకు 22 రూపాయలు, స్మార్ట్‌ఫోన్లకు 34 రూపాయలు కనీస ధరగా పెట్టారు. కొన్ని పెద్ద కంపెనీలు అది ఎక్కువని కోర్టుకెక్కాయి.

ఆ 22 రూపాయలు ఎవరికి చేరుతాయో చూడండి. కంపెనీ నుంచి రీసైక్లరుకు. అక్కడ ఆగుతాయి. ఫోనును టబ్బుకు మార్చినవాడికి, దిబ్బ మీద చార్జరు ఏరినవాడికి అందులోంచి పైసా రావాలని నియమంలో ఎక్కడా లేదు. సర్టిఫికెట్ల లెక్క నడిచే పోర్టల్‌లో వాడికి పేరే లేదు.

మన జిల్లాలో చిత్తు కాగితాలు, సీసాలు, ఇనుము ఏరేవాళ్లలో యానాదులు ఎక్కువ. తరాలుగా మన ఊళ్ల పాకీ పని, కాపలా పని వాళ్లతోనే చేయించుకున్నాం. వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా వాళ్లకోసం పనిచేసి 1962లో వాళ్ల మీద పుస్తకం రాశారు. ఆయన చూసిన వెట్టి ఇప్పుడు అదే రూపంలో లేదు. కానీ తీగ కాల్చే మంట దగ్గర ఈరోజుకీ వాళ్ల పిల్లలే కనిపిస్తారు. ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగను కాల్చితే తొడుగులోని క్లోరిన్ వల్ల డయాక్సిన్లు పుడతాయి. రాగి ఉండడం వల్లే అవి ఇంకా ఎక్కువ పుడతాయి. ఆ పొగలో కూర్చునే పిల్లవాడికి ఈ రసాయన శాస్త్రం తెలియదు. ధర మాత్రం బాగా తెలుసు. ఒక పాత సామాన్ల దుకాణంలో కుర్రాడు నాకు రెండు తీగల చుట్టలు చూపించాడు. ఒకటి నల్లబడింది, ఒకటి కొత్త పెళ్లికూతురి గాజులా మెరుస్తోంది. "కాలిస్తే రేటు పడిపోతాది సార్. ఒలిస్తే ఎక్కువిస్తారు. ఒలిచే మిషను మాకేడుండాది?" అన్నాడు. తీగ ఒలిచే చిన్న యంత్రం మోటారు సైకిలు కన్నా తక్కువ ధరకే వస్తుంది. మంట ఆర్పడానికి అవగాహన సదస్సు అక్కర్లేదు, ఆ యంత్రం చాలు.

పుణెలో చెత్త ఏరే ఆడవాళ్లు 1993లోనే సంఘం పెట్టుకున్నారు. తర్వాత స్వచ్ఛ్ అనే సహకార సంస్థగా నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటున్నారు. ఇంటివాళ్లు నెలనెలా వాళ్లకే రుసుము ఇస్తారు, ఏరిన పొడి సరుకు అమ్ముకునే హక్కు కూడా వాళ్లదే. గుర్తింపు కార్డు, చేతి తొడుగులు ఉన్నాయి. సాంకేతిక పరిజ్ఞానం అన్నప్పుడు నేను దీన్ని కూడా అందులోనే కలుపుతాను, ఎవరైనా నవ్వినా సరే.

6. ఈ తీరంలో చేయదగ్గది

2025 నుంచి రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఆ ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి కందుకూరుకే వచ్చారు. ఏప్రిల్ నెలకు ఎలక్ట్రానిక్ చెత్తనే అంశంగా పెట్టారు. మంచిదే. కానీ నెలకొక శనివారం పెట్టె తెరిచి కూర్చుంటే పాత చార్జర్లు నాలుగు వస్తాయి, ఫోటోలు నలభై వస్తాయి. సరుకు ఎప్పుడు, ఎక్కడ దానంతటదే బయటపడుతుందో చూసి అక్కడ కాపు కాయాలి.

మన తీరానికి అలాంటి కాలం ఒకటి ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేస్తారు, ఇంజిన్లు విప్పుతారు, పాత బ్యాటరీలు, చెడిన సెట్లు ఊడదీస్తారు. ప్రభుత్వం నిషేధకాల సాయం ఇవ్వడానికి బోటు బోటునూ లెక్కపెట్టేది కూడా అప్పుడే. 2025లో ఆ సాయాన్ని 20,000 రూపాయలు చేశారు. ఆ లెక్క తీసుకునే చోటే, జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు లాంటి రేవులో ఒక బల్ల వేయాలి. బల్ల మీద తూకం, రసీదు పుస్తకం. కూర్చునేది ఆ ఊరి పాత సామాన్ల దుకాణందారు, పక్కన ఇద్దరు ఏరేవాళ్లు, దినకూలీ మీద. బ్యాటరీకి మార్కెట్ ధర, బోర్డున్న సెట్టుకు కిలో లెక్కన ధర, బోర్డు లేని ప్లాస్టిక్‌కు వేరే ధర. తెగిన నైలాను వల కూడా అక్కడే తూచవచ్చు, అది సముద్రంలో పడితే తాబేళ్లకు ఉరి. ట్రాన్స్‌పాండరు నంబరు రసీదు మీద రాస్తే పాతది చేతికిచ్చినవాడికే కొత్తది బిగించవచ్చు.

డబ్బెక్కడిదని వెనక నుంచి ఎవరో గొణుగుతున్నారు, విన్నాను. సర్టిఫికెట్ అమ్ముకునే రీసైక్లరుతో కలెక్టరు ఒప్పందం రాసుకునేటప్పుడే, కిలోకు వచ్చే మొత్తంలో ఎంత ఆ బల్ల దగ్గరికి చేరాలో అంకె వేసి రాయించాలి. ఆ అంకె లేకపోతే ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. సబ్సిడీ అడగాల్సిన పని అంతగా ఉండదు. పెట్టుబడి కింద తీగ ఒలిచే యంత్రాలు నాలుగు, చేతి తొడుగులు, ట్యూబులైట్లు పగలకుండా నిలబెట్టే ఇనుప పీపాలు కొన్ని. నగరపాలక సంస్థ ఒక్క ఏడాది ఫ్లెక్సీల ఖర్చు తగ్గించుకుంటే వచ్చేవి ఇవి.

మొదటి ఏడాది ఒక్క రేవులో పెడదాం. జూన్ 14 రాత్రి బోట్లు మళ్లీ వేటకు కదిలేలోగా రసీదు పుస్తకం తెరిచి, ఎన్ని బోట్లు, ఎన్ని బ్యాటరీలు, ఎన్ని సెట్లు వచ్చాయో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి. బోట్ల సంఖ్యకు సరుకు తక్కువైతే ధర ఏ వస్తువు దగ్గర తగ్గిందో దుకాణందారునూ, ఏరేవాళ్లనూ కూర్చోబెట్టి అడిగి, ఆ ధర మార్చి, తర్వాతి ఏడాది ఇసకపల్లికి, మైపాడుకు వెళ్లాలి.